అసంభవమైన నీటి ఏనుగు పిల్ల

ఒక్క నిమిషం ఆగండి. టీ చల్లారినా ఫర్వాలేదు, ముందు ఇది వినండి. చివర్లో మిమ్మల్ని ఒకటి అడగాలి, మధ్యలో లేచి వెళ్లిపోతే ఎవర్ని అడగను?

నేను మా నగర జంతు ప్రదర్శనశాలలో కాంట్రాక్టు ప్రోగ్రామర్‌ని. జూలో ప్రోగ్రామర్‌కేం పని అని నవ్వకండి, ఆ నవ్వు మా అమ్మ ఇప్పటికే నవ్వేసింది. మా జూలో గేట్లు, తాళాలు, మేత గదులు, కెమెరాలు అన్నీ ఒకే సాఫ్ట్‌వేర్ చెప్పినట్టు వింటాయి. ఆ సాఫ్ట్‌వేర్ నేను చెప్పినట్టు వింటుంది. నేను మా డైరెక్టర్‌గారు చెప్పినట్టు వింటాను. కథంతా ఈ మూడో వినడం దగ్గరే ఉంది.

నాకు ప్రాణమైన విషయం ఒకటుంది. కోడ్‌లో అసర్షన్ ఎక్కడ రాయాలి, ఎక్సెప్షన్ ఎక్కడ రాయాలి అన్నది. కంగారుపడకండి, చాలా తేలిక. వంటింట్లో కుళాయి తిప్పారు, నీళ్లు రాలేదు. ఇది ఎక్సెప్షన్. బయటి ప్రపంచం అన్నాక ఇలాంటివి మామూలే, పక్కింటి నుంచి బిందెడు తెచ్చుకుని వంట కానిచ్చేస్తాం. ఇప్పుడు స్టవ్ వెలిగించారు, మంటకి బదులు నీళ్లొచ్చాయి. పోనీలే అని ఆ నీళ్లతో పప్పు కడుక్కోకూడదు! ఇల్లు కట్టడంలోనే ఎక్కడో ఘోరం జరిగింది. వంట ఆపాలి, బయటికి రావాలి, మేస్త్రీని పిలవాలి. ఇది అసర్షన్. 'ఇది జరగనే జరగదు, జరిగిందంటే తప్పు నాదే, అన్నీ ఆపేయండి' అని ప్రోగ్రామ్ తన మీద తాను వేసుకునే ఒట్టు. బయటివాళ్ల పొరపాటుకి ఓర్పు, సొంత పొరపాటుకి ఒట్టు. ఎంత బాగుంది కదా! నాకైతే మొదటిసారి చదివినప్పుడు ఒళ్లు పులకరించింది.

ఈ స్టవ్ సంగతి చెప్పగానే మా డైరెక్టర్ పరాంకుశం గారి కళ్లు మెరిశాయి. ఆయన అప్పుడే ఢిల్లీలో ఏదో శిక్షణకి వెళ్లొచ్చారు, వాళ్లిచ్చిన సంచీ ఇంకా భుజానే ఉంది.

“అద్భుతం!” అని బల్ల చరిచారు. “అంటే జరిగే అవకాశమే లేనివాటికి అసర్షన్ రాస్తాం, అంతేనా?”

“అంతే సర్!”

“ఫణిభూషణం గారూ, మన సంస్థలో జరిగే అవకాశమే లేనివి ఏమేమిటండీ?”

ఫణిభూషణం గారు మా ఆఫీసు సూపరింటెండెంటు. ఆయన నోరు విప్పితే సర్క్యులర్ వస్తుంది. కళ్లజోడు తుడుచుకుని అందుకున్నారు. “అయ్యా, ప్రవేశద్వారము వద్ద నిషేధముల బోర్డు ప్రతిష్ఠించబడి యున్నది. జంతువులకు ఆహారము వేయరాదు. పరుగెత్తరాదు. కేకలు వేయరాదు. కొలనులో దిగరాదు. బోర్డు ఉన్న మీదట అవి జరుగుటకు ఆస్కారమే లేదు.”

“కరెక్ట్. అన్నీ అసర్షన్లే.”

నేను లేచి నిలబడ్డాను. “సర్, జరగకూడనిది వేరు, జరగలేనిది వేరు. బోర్డు పెట్టినా కోతికి పల్లీ వేసేవాళ్లు వేస్తూనే ఉంటారు కదా. అది ఎక్సెప్షన్ సర్. ‘వేయకండి బాబూ’ అని చెప్పి ముందుకెళ్లిపోవాలి.”

ఫణిభూషణం గారు నా వైపు జాలిగా చూశారు. “తల్లీ, వేయవచ్చునని మనమే రాసి పెట్టుకుంటే, బోర్డు పనిచేయుట లేదని మనమే ఒప్పుకున్నట్లు కదా? రేపు సమాచార హక్కు కింద ఎవరైనా అడిగితే జవాబు నువ్వు చెప్తావా?”

“మరి మన వైపు తప్పులండీ? పులి బోను తలుపు ఒకేసారి తెరిచీ ఉంది, మూసీ ఉంది అని కంప్యూటర్ చెప్పిందనుకోండి. స్టవ్‌లోంచి నీళ్లంటే అవే కదా. అప్పుడు అన్నీ ఆపేయాలి.”

“అవి అంతర్గత విషయాలమ్మా,” అన్నారు డైరెక్టర్‌గారు. “అంతర్గత విషయాల్లో సర్దుబాటు ధోరణి ఉండాలి. వాటికి నీ ఎక్సెప్షన్ రాసెయ్. చప్పుడు కాకుండా సర్దేసుకుని ముందుకు పోవాలి. పరిపాలన ఆగకూడదు.”

“సర్, మొత్తం తలకిందులైపోయింది.”

“చూడమ్మా ఇందుశ్రీ,” ఆయన గొంతులో ఎంత వాత్సల్యమో! “బయటివాళ్లతో కచ్చితంగా, మనవాళ్లతో మెత్తగా. ఇన్నేళ్ల సర్వీసులో నేను నేర్చుకున్న పరిపాలన అంతా ఇంతే.”

ఒప్పుకోవాలి, అందులో ఒక పొందిక ఉంది. తలకిందులైనా సరే, ఎక్కడా అతుకు కనపడని తలకిందులు. నేను కూర్చుని రాసేశాను.

సాఫ్ట్‌వేర్ ప్రారంభోత్సవం రోజు రిబ్బన్ కత్తిరించిన చప్పట్లు ఇంకా ఆగలేదు, తెల్ల పంచె కట్టుకున్న ఒక పెద్దాయన ముచ్చటపడి కోతుల వైపు ఒక్క పల్లీ విసిరారు. అంతే! పెద్ద గేటు పడింది, లోపలి గేటు పడింది, మేత గదుల తాళాలు టకటకా బిగుసుకున్నాయి, సగం బయటికొచ్చిన టికెట్టుని మిషను మళ్లీ లోపలికి లాగేసుకుంది. చెట్టుకి కట్టిన స్పీకర్లో ఫణిభూషణం గారి గొంతు, ముందే రికార్డు చేసి పెట్టింది, గంభీరంగా మోగింది.

“అసంభవము సంభవించినది. సందర్శకులు ఎక్కడివారక్కడ నిలిచిపోవలెను.”

మళ్లీ తెరవాలంటే అసంభవ నిర్ధారణ సంఘం కూర్చోవాలి. అధ్యక్షులు పరాంకుశం గారు, కార్యదర్శి ఫణిభూషణం గారు. జరిగినది జరగలేదని తేల్చడం ఆ సంఘం పని. పెద్దాయనని పిలిచి “నేను పల్లీ వేయలేదు” అని రాయించుకున్నారు. పల్లీ ఏదీ అన్నారు. కోతి నమిలేసింది. సాక్ష్యం లభ్యము కానందున ఘటన జరగలేదని తీర్మానించి గేట్లు తెరిచారు. పెద్దాయన వెళ్తూ వెళ్తూ, “నాయనా, నేను వేశానా వెయ్యలేదా?” అని గేటు దగ్గర వాచ్‌మన్‌ని అడిగారు పాపం.

జనం ఎంత తొందరగా అలవాటుపడిపోయారో! ‘ఇంకాసేపు ఉందాం నాన్నా’ అని పిల్లలు ఏడిస్తే నాన్నలు ఒక పల్లీ విసురుతున్నారు, మధ్యాహ్నం దాకా అందరూ లోపలే. ముందు ఆవరణలో ఐస్‌క్రీం బండి అతనైతే పల్లీలు ఉచితంగా పంచడం మొదలుపెట్టాడు.

డైరెక్టర్‌గారు మురిసిపోయారు. “చూశావా ఇందుశ్రీ, ఎన్ని ఉల్లంఘనలు పట్టుకుంటున్నామో! నీ సాఫ్ట్‌వేర్ రాకముందు ఇక్కడ ఒక్కటీ జరిగేది కాదు.”

ఇదిలా సాగుతుండగా ఒక ఆదివారం ఉదయం, అప్పుడే గేట్లు తెరిచాం, జనం ఇంకా ముందు ఆవరణలోనే టికెట్లు చూసుకుంటున్నారు, మస్తానమ్మ దగ్గర్నుంచి నాకు ఫోనొచ్చింది. మస్తానమ్మ నీటి ఏనుగుల కీపరు. ఆవిడ గొంతుకి నిజానికి ఫోన్ అక్కర్లేదు.

“ఇందమ్మా! మన గంగాభవాని ఈనిందమ్మా! గ్యాసు సిలిండరంత ఉంది పిల్ల! నున్నగా, నల్లగా, చెవులు మాత్రం ఇంతింతే!”

“ఈనడమేంటి మస్తానమ్మా? కడుపుతో ఉందని నువ్వు చెప్పనే లేదు!”

“నాకు మాత్రం ఎట్టా తెలుస్తాదమ్మా? అది ఎప్పుడు సన్నంగా ఉండింది గనక?”

నేను సంతోషంతో కుర్చీలోంచి ఎగిరాను, సరిగ్గా అప్పుడే స్పీకరు మోగింది. “అసంభవము సంభవించినది.”

నాకు అర్థమైపోయింది. కొలను దగ్గర కెమెరా జంతువుల్ని లెక్కపెడుతుంది. కొనుగోలు ఉత్తర్వు లేకుండా మా జూలో జంతువులు పెరగడానికి వీల్లేదని డైరెక్టర్‌గారు చెప్తే నేనే అసర్షన్ రాశాను. ఉత్తర్వు లేదు, జంతువు పెరిగింది. గేట్లు పడ్డాయి. తాళాలు బిగుసుకున్నాయి.

పరుగెత్తుకుని కొలను దగ్గరికి వెళ్లేసరికి మస్తానమ్మ మోకాళ్ల మీద కూర్చుని పిల్లని తల్లి వైపు తోస్తోంది. తల్లి దాన్ని మూతితో ఇవతలకి నెట్టేస్తోంది.

“దగ్గిరికి రానీడంలేదమ్మా ఈ మహాతల్లి. డాక్టరుగారు ఫోన్లో చెప్పాడు, సాయంత్రంలోపల సీసాతోనన్నా పాలు పడకపోతే పిల్ల దక్కదంట. పాలూ సీసాలూ అన్నీ పాలగదిలో ఉండాయి. దాని తలుపు చూస్తే ఇట్టా బిగుసుకోని కూర్చుంది. నువ్వే గదా తాళాల అమ్మాయివి, తియ్యమ్మా!”

బయట కొనుక్కొద్దామంటే పెద్ద గేటు పడి ఉంది. పిల్ల నా చున్నీ కొసని నోట్లోకి లాక్కుని చప్పరించడం మొదలుపెట్టింది. అందులోంచి ఏమీ రాకపోయేసరికి తలెత్తి నా మొహంలోకి చూసింది. నేను చున్నీ దానికే వదిలేసి మీటింగు గదికి పరుగెత్తాను.

సంఘం అప్పటికే ఏసీ వేసుకుని కూర్చుని ఉంది.

“సర్, పాలగది ఒక్కటి తెరవనివ్వండి సర్! ‘జంతువులు పిల్లల్ని కనొచ్చు’ అని ఒక్క ఎక్సెప్షన్. ఒక్క లైను.”

“ఆస్కారము లేదు,” అన్నారు ఫణిభూషణం గారు. “జనన ప్రతిపాదన రాలేదు. ఆమోదము పొందలేదు. కావున సదరు పిల్ల జంతువు కాజాలదు.”

“మరేంటండీ అది?”

ఇద్దరూ ఆలోచనలో పడ్డారు. డైరెక్టర్‌గారి మొహం ముందు వికసించింది. “సందర్శకురాలు అనుకుందాం! మూడేళ్లలోపు పిల్లలకి టికెట్ కూడా ఉచితం.”

నిజం చెప్పొద్దూ, నాకు ఆయన మీద గౌరవం కలిగింది. నీటి ఏనుగు పిల్లని సందర్శకురాలిగా ఎక్కించాను. తాళాలు క్లిక్కుమని వదులయ్యాయి. నేను కిటికీలోంచి కొలను వైపు చూస్తూ ఫోన్లో అరిచాను, “మస్తానమ్మా, వెళ్లు, పాలగది!” మస్తానమ్మ లేచింది. మస్తానమ్మ లేచిందని పిల్ల కూడా లేచింది, జారింది, బుడుంగున నీళ్లలో పడింది.

సందర్శకులు కొలనులో దిగరాదు.

“అసంభవము సంభవించినది.”

“ఈ గొంతెవరిదోగానీ వాడి నోట్లో నా గడ్డపార పెట్టా!” మస్తానమ్మ తిట్టు ఫోన్లోంచి గదంతా వినిపించింది. ఫణిభూషణం గారు కళ్లజోడు తుడుచుకున్నారు.

రెండో ప్రతిపాదన ఆయనదే. “తల్లినీ పిల్లనూ కలిపి ఒకే జంతువుగా పరిగణించవచ్చును. తల్లి గర్భములో ఉన్నంత కాలము అట్లే పరిగణించితిమి గదా. ఆ స్థితిని పొడిగించుచున్నాము.”

అదీ రాశాను. కెమెరాకి ఇద్దరూ ఆనుకుని కనపడితే ఒక్కటే అని చెప్పాను. ఇక మస్తానమ్మ తంటాలు చూడాలి! “పోవే తల్లీ, అమ్మకి ఆనుకోని నిలబడు. మీరిద్దరూ ఒకటేనంట, ఆఫీసోళ్లు రాశారు.” పిల్ల ఆనుకుంది. తాళాలు వదులయ్యాయి. గంగాభవాని ఒక్క చీదు చీది పిల్లని బారెడు దూరం నెట్టింది. ఆవిడకి సర్క్యులర్ అందలేదు.

“అసంభవము సంభవించినది.”

మధ్యాహ్నం దాటింది. సంఘం భోజన విరామం తీసుకుంది. నేను కొలను దగ్గరికి వెళ్లి చూస్తే పిల్ల నా చున్నీ నమలడం మానేసింది. మస్తానమ్మ ఒళ్లో తల పెట్టి కళ్లు మూసుకుంది.

“మన జూలో ఆ టీ కొట్టోడినీ అడిగానమ్మా,” అంది మస్తానమ్మ. “పాలన్నీ నిన్నటి జనానికే అయిపోయినాయంట.” ఆ గొంతు అంత చిన్నగా రావడం నేను మొదటిసారి విన్నాను.

కంట్రోల్ గదికి వచ్చి కూర్చున్నాను. చెయ్యాలంటే చెయ్యొచ్చు, ఒక్క లైనే కదా. కానీ డైరెక్టర్‌గారి అనుమతి లేకుండా కోడ్ ముట్టుకుంటే కాంట్రాక్టు రద్దని రాసి సంతకం పెట్టించుకున్నారు. కీబోర్డు వైపు చూస్తూ గోళ్లు కొరుక్కుంటున్నాను, స్క్రీన్ మూల చిన్న అక్షరాల్లో ఒక వాక్యం మెరిసింది.

‘పులి ప్రతాప్ బోను తలుపు తెరిచి ఉన్నది. మూసి ఉన్నది. సగటున సగము. సర్దుకొనడమైనది. అంతా సవ్యము.’

పక్కనే ఆకుపచ్చ లైటు. గేట్లు, తాళాలు ఆగినా అంతర్గత విభాగం ఆగదు కదా, పరిపాలన! నాకు వెన్నులో నీళ్లు, అవే, స్టవ్‌లోంచి వచ్చే నీళ్లు. అప్పుడే ఫోన్ మోగింది. డైరెక్టర్‌గారు. గుసగుసగా.

“ఇందుశ్రీ... పులి.”

“ఏ పులి సర్?”

“మన పులే. ప్రతాప్. మీటింగు గదిలో ఏసీ కింద పడుకుంది.”

“లేదు సర్, స్క్రీన్ మీద బోనులోనే ఉంది. ఆకుపచ్చ లైటు కూడా వెలుగుతోంది.”

“నేను బీరువా మీద నుంచి మాట్లాడుతున్నానమ్మా!”

“అంతర్గత విషయం కదా సర్. సర్దుబాటు ధోరణి...”

అవతల ఎవరో తీరిగ్గా ఆవలించారు. డైరెక్టర్‌గారు కాదు. దాని వెనకే ఫణిభూషణం గారి గొంతు, పక్క బీరువా మీద నుంచి కాబోలు, సన్నగా వచ్చింది. “అయ్యా, సదరు పులి నా చెప్పును నాకుచున్నది.”

“అన్నీ ఆపెయ్ ఇందుశ్రీ!”

“అక్కడ ఆపడానికి అసర్షన్ లేదు సర్, మీరే వద్దన్నారు. ఒక్కటే దారి. ప్రతాప్‌ని పిల్లప్పుడు మస్తానమ్మే సీసా పాలు పట్టి పెంచింది. సీసా కనపడితే ఇప్పటికీ మేకపిల్లలా వెనకే వస్తుంది. సీసాలు పాలగదిలో ఉన్నాయి. పాలగది తెరవాలంటే మరి...”

“పుట్టింది! పిల్ల పుట్టింది! అది జంతువే! రాసెయ్యమ్మా!”

“రాతపూర్వకంగా ఇస్తే...”

“బీరువా మీద పెన్ను లేదమ్మా!”

రాసేశాను. ‘జంతువు పుట్టవచ్చు. పుడితే పాలగది తెరువు.’ నా జీవితంలో ఇంత అందమైన ఎక్సెప్షన్ రాయలేదు. మిగతా గేట్లు ముట్టుకోలేదు, పులి బయటుంది కదా. పాలగది తాళం ఒక్కటే క్లిక్కుమంది. మస్తానమ్మ పరుగు కెమెరాలో చూశాను, ఆ వయసులో ఆ పరుగు!

నిమిషం గడిచిందో లేదో మళ్లీ ఫోన్. “పాలు వస్తున్నాయా?”

“వచ్చాయి సర్. పిల్ల తాగుతోంది.”

“పిల్లా? అది తర్వాత తాగొచ్చు కదమ్మా!”

“పొద్దున్నించీ క్యూలో ఉంది సర్.”

సీసా ఖాళీ అయింది. పిల్ల ఇంకో సీసా అడిగింది, అదీ అయింది. అప్పుడు మస్తానమ్మ మూడో సీసా చేతబట్టుకుని మీటింగు గది గుమ్మంలో నిలబడి నడుం మీద చెయ్యేసుకుంది.

“ఏందిరా ప్రతాపూ, ముసలోడివైనా బుద్ధి రాలా? ఆఫీసోళ్ల చెప్పులు నాకతన్నావా? కడుపులో నొప్పి రాదూ? దా, నాయనా, దా.”

ప్రతాప్ లేచి, ఒళ్లు విరుచుకుని, ఆవిడ కొంగు వెనకే బోనులోకి నడిచి వెళ్లిపోయాడు. మస్తానమ్మ తలుపుకి గొలుసు వేసి మామూలు తాళం బిగించింది.

ఈ కథ ఇక్కడితో అయిపోతే మిమ్మల్ని ఆపేదాన్నే కాదు. మర్నాడు సంఘం తీర్మానం వచ్చింది. ఘటన జరగలేదు. గేట్లు పడి ఉండబట్టే బయటికి రాని పులి బారినుంచి ప్రజలు కాపాడబడ్డారు, కావున అసర్షన్లు యథాతథంగా కొనసాగుతాయి. ప్రతాప్ బోనులో, లోపలి వైపుకి తిరిగి ఉండేలా, ఒక బోర్డు ప్రతిష్ఠించబడును: ‘పులులు బయటికి రారాదు.’ బోర్డు ఉన్న మీదట ఇక ఆస్కారమే లేదు. ఇక నీటి ఏనుగు పిల్ల ఒకటి కొనడానికి టెండరు పిలుస్తున్నారు. అది వచ్చేవరకూ పిల్ల లేనట్టే. కాబట్టి ఆమోదం లేకుండా జననాలు జరుగుతాయని ఒప్పుకుంటున్న ఆ ఒక్క లైను ఈరోజు సాయంత్రంలోపు కోడ్‌లోంచి తీసేయాలి.

డైరెక్టర్‌గారు నన్ను పిలిచి మిఠాయి కూడా పెట్టారు. “నీ కాంట్రాక్టు పొడిగింపు నా బల్ల మీదే ఉంది తల్లీ. ఆ లైను తీసేసి రా, సంతకం పెట్టేస్తా. బీరువా మీద నేను అన్నది అంతర్గతం.”

అదండీ సంగతి. ఇప్పుడు నేను కొలను గట్టున లాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని ఇదంతా గబగబా మీకు రాస్తున్నాను. లేని పిల్లకి పేరు పెట్టడానికి వీల్లేదు కాబట్టి మస్తానమ్మ దాన్ని “ఏమే” అని పిలుస్తోంది, అది పలుకుతోంది కూడా. పూటపూటకీ పాలు తాగుతోంది. గంగాభవాని నిన్నటంత గట్టిగా నెట్టడం లేదు గానీ ఇంకా దగ్గరికి తీసుకోలేదు. ఆ లైను తీశానా, కెమెరా మళ్లీ లెక్కపెడుతుంది, పాలగది బిగుసుకుంటుంది.

“తీయబాకమ్మా,” అంటోంది మస్తానమ్మ, ఖాళీ సీసా కడుగుతూ. “నీ ఉద్యోగం సంగతి నాకు తెలవదు గానీ, తీయబాక.”

ఆఫీసు వైపు నుంచి ఫణిభూషణం గారు కొత్త చెప్పులేసుకుని ఇటే వస్తున్నారు. నా వేలు ఆ లైను మీదే ఉంది. ఏమే నా రెండో చున్నీ కొస నోట్లో పెట్టుకుని నా మొహంలోకే చూస్తోంది.

చెప్పండి, మీరైతే ఏం చేస్తారు?